గంధం బొట్టు పెట్టిన అట్టలు

ఆయుధపూజ సెలవులు ముగిసి బడి తెరిచిన రోజు పొద్దున కోమలవల్లి నాలుగో తరగతి గదిలో అడుగు పెట్టేసరికి గదంతా గంధం వాసన కొట్టింది. దాని అడుగున వాడిన చామంతుల వాసన, మెత్తబడిన బొరుగుల వాసన. పిల్లలు సంచుల్లోంచి అట్టలు తీసి బల్లల మీద పెట్టుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆమె ముఖంలోకి చూస్తున్నారు. ప్రతి అట్టకూ నాలుగు మూలలా గంధం, గంధం మీద కుంకుమ. పూజ గట్టిగా చేసిన ఇళ్ళవాళ్ళు నడిమధ్యన కూడా రూపాయి బిళ్ళంత బొట్టు అద్దారు.

"ఏమిది?" అంది కోమలవల్లి.

"మా అవ్వ పెట్టింది టీచర్. మగ్గానికి పెట్టి, బండికి పెట్టి, దీనికీ పెట్టింది."

"మా తాత దీనికి దిష్టి కూడా తీసినాడు టీచర్. ఇంగ నాకు అన్నీ రైటే వస్తాయంట."

"దిష్టి తగిలేంతగా నీకు ఎప్పుడొచ్చెరా?" అన్నారెవరో వెనక బల్లలోంచి.

గది గొల్లున నవ్వింది. కోమలవల్లికీ నవ్వొచ్చింది. ఆ రోజు ఆమె నవ్వింది అదొక్కసారే.

ఆ అట్టల సంగతి ఇది. అరచేతి కంటే కాస్త పెద్దగా ఉండే అట్ట మీద నల్ల గళ్ళతో ఒక బొమ్మ అచ్చువేసి ఉంటుంది. ఎవరి అట్ట మీది బొమ్మ వారిదే, ఒకరిది మరొకరికి ఉండదు. నాలుగు అంచుల్లోనూ సన్నని అక్షరాలతో ఏ, బీ, సీ, డీ అని రాసి ఉంటుంది. టీచరు ప్రశ్న వేసి నాలుగు జవాబులు బోర్డు మీద రాస్తుంది. ఏ జవాబు సరైనదనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా పిల్లలు అట్ట తిప్పి ఎత్తి పట్టుకోవాలి. టీచరు ఫోను కెమెరాను గది ఈ మూల నుంచి ఆ మూలకు నెమ్మదిగా తిప్పితే చాలు, ఎవరు ఏమన్నారో ఫోనులో పడిపోతుంది. సరిగ్గా చెప్పినవాళ్ళ పేరు పచ్చగా, తప్పు చెప్పినవాళ్ళది ఎర్రగా. ఫోను చదవలేకపోయిన అట్ట తాలూకు పేరు బూడిద రంగులో ఉండిపోతుంది.

ఆ రోజు ఫోను తిప్పింది. అన్ని పేర్లూ బూడిద రంగులోనే ఉండిపోయాయి. నల్ల గళ్ళ మీద గంధం, తెల్ల జాగాలో కుంకుమ పడ్డాక ఏది గడి, ఏది కాదు అన్నది ఫోనుకు అంతు పట్టలేదు. తడిగుడ్డతో తుడవబోతే కుంకుమ అట్టంతా పాకింది. "బొట్టు తుడవకూడదు టీచర్, అవ్వ తిడతాది," అని ఒక పిల్ల అట్టను వెనక్కి లాక్కుంది. సరే, కొత్త అట్టలు వచ్చాక చూద్దాంలే అని ఆమె పాఠంలో పడింది.

విశ్రాంతి గంటలో నీళ్ళ సీసా నింపుకోవడానికి ముందు హాల్లోకి వెళ్ళింది. అక్కడ గోడకు పెద్ద టీవీ ఉంది. రోజూ ఏ తరగతి పిల్లలు ఏ పాఠంలో ఎలా ఉన్నారో దాని మీద రంగుల్లో వస్తుంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు కాసేపు దానికింద నిలబడి చూసి పోతారు. రంగులన్నీ తన ఫోనులోనే ఉండేవి కాబట్టి కోమలవల్లి ఎప్పుడూ దాన్ని చూసేది కాదు. ఆ పూట ఏమీ ఆలోచించకుండానే తల ఎత్తింది.

నాలుగో తరగతి, ఈరోజు, గణితం. పేర్లన్నీ పచ్చగా ఉన్నాయి. వరి మడిలా ఏపుగా, ఒక్క ఖాళీ కూడా లేకుండా ఉన్నాయి.

సీసా నిండి నీళ్ళు చేతి మీదుగా చీరకుచ్చిళ్ళ మీదికి కారుతుంటే తెలిసింది ఆమెకు.

కోమలవల్లిది పెరియకుళం వైపు. కొడైకెనాల్ కొండల కింద తండ్రి మామిడితోటలు గుత్తకు చేసేవాడు. చిన్నప్పుడు ఆమె పళ్ళ కొట్టంలో ఆడుకుంటూ పెరిగింది. పక్క కొట్టంవాళ్ళు పచ్చికాయల మధ్య కార్బైడు రాళ్ళు పొట్లాలు కట్టి పెట్టేవాళ్ళు. తెల్లారేసరికి కాయలన్నీ ఒకే పసుపు. బుట్టకు బుట్ట ఒక్క మచ్చ లేకుండా మెరిసిపోయేవి. తండ్రి వాటిల్లో ఒకటి కోసి ఆమెకిచ్చాడు, రుచి తెలియాలని. లోపల తెల్లగా ఉంది. పులుపూ కాదు తీపీ కాదు, నాలుక మీద పూతలా అంటుకునే వెగటు ఒకటి. ఊసినా పోలేదు. "ఇట్లాంటివి అమ్మే చేత్తో అన్నమెట్ల తింటారో," అన్నాడు తండ్రి. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాడు. ఆ ఒక్క మాటా ఆమెకు గుర్తుండిపోయింది.

పెళ్ళయి అన్నూరుకు వచ్చింది. భర్త నందకుమార్ మగ్గాలవాళ్ళకు నూలు తెచ్చిపెట్టే వ్యాపారం చేస్తాడు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ వీధుల్లో తరాలుగా మగ్గమో, పొలమో, కొట్టో ఉన్నవాళ్ళే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో ఇంగ్లీషు. అత్తవారి వైపు దూరపు మామ వెంకటపతి మిల్లు మూసి ఆ జాగాలో బడి పెడితే అందులో టీచరుగా చేరింది. తల నెరిసింది, ఇంకా అక్కడే ఉంది.

ఆమెకు మొదట్నించీ ఒక అలవాటు. పాఠం సగంలో ఆపి, "పలకలెత్తండి" అంటుంది. పిల్లలంతా జవాబు రాసి పలకలు తలమీదికి ఎత్తుతారు. ఆమె చూపు ముందు తప్పుల మీద పడుతుంది. యాభై రెండులో ఇరవై ఏడు తీసేస్తే ఇరవై ఐదు అని రాసినవాళ్ళ దగ్గర ఆమెకు పని లేదు. ముప్పై ఐదు అని రాసినవాళ్ళ దగ్గర ఆగుతుంది. రెండులో ఏడు పోదు కాబట్టి వీళ్ళు తిరగేసి ఏడులో రెండు తీసేశారన్నమాట. అప్పుడు చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపిస్తుంది. తప్పు కనపడకపోతే రేపు ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. పలకలతో ఒకటే చిక్కు, పక్కవాడి పలక చూసి రాసేస్తారు.

అందుకే ఈ అట్టలు వచ్చినప్పుడు అందరికంటే సంతోషించింది ఆమే. వెంకటపతి పిలిపిస్తే గాంధీపురంలోని ఒక ఆఫీసు నుంచి ప్రభాకరన్ అనే కుర్రాడు వచ్చి టీచర్లకు నేర్పాడు. మనవాళ్ళ అబ్బాయే, అందర్నీ అక్కా అంటాడు. మిగతా టీచర్లు ఫోను పట్టుకోవడానికే భయపడుతుంటే కోమలవల్లి వారంలో నేర్చేసుకుంది. పక్కవాడి అట్ట చూసినా లాభం లేదు, వాడి గళ్ళు వేరు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు, ఈ పూట ఎవరికి ఎక్కింది ఎవరికి ఎక్కలేదు అన్నదొక్కటే. తన పలకల పనే, ఇంకా శుభ్రంగా. పైగా ఆమె తనకు తానే ఒక ఏర్పాటు చేసుకుంది. డీ జవాబు ఎప్పుడూ ఒకటే రాసేది, 'ఇంకా రాలేదు' అని. రాని పిల్లలు సిగ్గుపడకుండా డీ ఎత్తేవాళ్ళు. ఎత్తినవాళ్ళకు చివరి పీరియడ్‌లో మళ్ళీ చెప్పేది.

అందరికంటే ధీమాగా డీ ఎత్తేది గోపిక. మగ్గాల వీధిలో పంకజవల్లి అనే పెద్దావిడ మనవరాలు. తల్లీ తండ్రీ పొద్దస్తమానం మగ్గాల దగ్గరే, కాబట్టి బిడ్డ చదువు అవ్వ చేతిలోనే ఉంది. గోపిక లెక్కల్లో మందం, అబద్ధంలో ఇంకా మందం. రాకపోతే రాలేదంటుంది. సాయంత్రం కోమలవల్లి ఇంటి అరుగు మీద కూర్చుని పుల్లల కట్టలు విప్పుకుంటూ ఆ తీసివేతలే చేసేది. వినాయకచవితి దాటాక రావడం మానేసింది. కోమలవల్లి అడగబోతే పంకజవల్లి తన ఫోను ఆమె ముఖానికి చూపించింది. "ఇదో చూడు కోమలా, పచ్చ. బడినుంచే వచ్చిండాది. ఇంగ బిడ్డను ఎందుకు సతాయించేది?" తను పంపింది ఎరుపే కదా, ముసలావిడ ఇంకేదో చూసి ఉంటుందని అప్పుడు అనుకుంది. చివరి పీరియడ్ ఎత్తేసి డ్యాన్సు ప్రాక్టీసుకు ఇచ్చినప్పుడు, పండగల రోజులు కదా అనుకుంది.

ఇప్పుడు హాల్లో, తడిసిన చీరతో నిలబడితే అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి.

ఆరోజు ప్రభాకరన్ బడిలోనే, ఆఫీసు గదిలో ఉన్నాడు. పూజకు చేసిన శనగల సుండల్ ఎవరో దొన్నెలో పెట్టిచ్చారు. శనగలు వేళ్ళతో తీసి తింటూ, అవే వేళ్ళతో ట్యాబ్ తెర మీద ఏదో జరుపుతున్నాడు. తెర మీద నూనె మరకలు ఇంద్రధనుస్సులా మెరుస్తున్నాయి. కోమలవల్లి చూపు తిప్పుకుంది.

"తంబీ, నా పిల్లల అట్టలు ఈరోజు ఒకటి కూడా ఫోను చదవలేదు. హాల్లో ఆ పచ్చ ఎక్కడ్నుంచి వచ్చె?"

"అది ఆటోఫిల్ అక్కా."

"అంటే?"

"కార్డు దొరక్కపోతే ఆ బిడ్డ మునుపు ఎట్ల చేసిండాదో చూసి అదే నింపుకుంటాది. హాల్లో అంతా బూడిద రంగు నిలబడితే చూసేవాళ్ళకి బాగుండదు కదా."

"గోపికకు మునుపు అంతా ఎరుపే. పచ్చ ఎట్లొచ్చె?"

అతను దొన్నె పక్కన పెట్టి, అర్థం కాని పిల్లకు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "ఎరుపు హాల్లో పడదు అక్కా. మీ ఫోన్లో ఎరుపైతే ఇక్కడ పసుపుగా వస్తాది. పసుపు కొన్ని వారాలు అట్లే ఉంటే పచ్చకు మారిపోతాది. పేరెంట్స్‌కి ప్రోగ్రెస్ కనపడాల కదా? కరస్పాండెంట్ సారు చెప్పిన సెట్టింగే."

"బిడ్డ ఏమీ నేర్చుకోకుండానే మారిపోతాదా?"

"టైమ్ అవుతాది కదక్కా."

"ఏంది అవుతాది?"

"టైమ్. కాలం పోతే ఎవరైనా కొంచం నేర్చుకునే ఉంటారు కదా, ఆ లెక్క." పళ్ళ సందున చిక్కిన శనగ పొట్టును నాలుకతో వెతుక్కుంటూ నవ్వాడు. "ఇంకొకటి. ఆ డీలో మీరు ఇంకా రాలేదని పెడతారు కదా, అది తీసేసినాను. ఆ జవాబును సిస్టమ్ ఒప్పుకోదు."

కోమలవల్లి నోట్లోకి ఎప్పటిదో పూత, నాలుకకు అంటుకునే ఆ వెగటు మళ్ళీ వచ్చినట్టయింది. ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి ఊసింది.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని అంతా నందకుమార్‌కు చెప్పింది. అతను పప్పులో నెయ్యి కలుపుకుంటూ విన్నాడు.

"నూలు సంతలో పది రకాల మోసం చూస్తా నేను," అన్నాడు. "తడి నూలు ఎండు నూలని అమ్ముతారు. మీ బడి పరవాలేదు."

"నూలు ఏడవదు."

"గోపిక ఏడుస్తా ఉండాదా?"

"లేదు. అదే నాకు రోతగా ఉండాది. నవ్వుతా ఉండాది. నాకు వచ్చేసింది టీచర్, మా ఫోన్లో పడింది అంటాది."

నందకుమార్ ముద్ద మింగి, "నీకు పచ్చ చూస్తే పడనప్పుడు ఆ చీరెందుకు కట్టుకున్నావు?" అన్నాడు. ఆమె కట్టుకున్నది పచ్చ చీరే. హాల్లో తడిసినప్పుడే మార్చుకోవాలనిపించింది గానీ, అది స్టాఫ్ యూనిఫారం.

మర్నాడు వెంకటపతి దగ్గరికి వెళ్ళింది. ఆయన గదిలో గోడనిండా పూజ తాలూకు మామిడాకులు ఎండి వేలాడుతున్నాయి. ఎవరో కాఫీ తెచ్చి పెట్టి పోయారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ కాఫీ మీద మీగడ పొర కట్టి ముడతలు పడుతూ ఉంది. దాన్ని చూడకుండా ఉండలేకపోయింది కోమలవల్లి.

"నువ్వు మన ఇంటి బిడ్డవి కోమలా, నీకు దాచేది ఏముండాది," అన్నాడాయన. "పక్క రోడ్డు మీద కొత్త బడి చూసినావా? ఏసీ బస్సంట. ఎరుపు చూపిస్తే ఏ తండ్రి మన దగ్గర చేరుస్తాడు? పిల్లలు లేకపోతే నువ్వెవరికి చెప్తావు పాఠం?"

"ఎరుపు చూపించవద్దు మామా. హాల్లో టీవీనే తీసేయండి. ఆ రంగులు నాకు మాత్రం చాలు. చివరి పీరియడ్ నాకు తిరిగి ఇవ్వండి, అంతే."

"ఎవరికి చెప్పేదానికి? అందరూ పచ్చే కదా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో వెటకారం లేదు. ఆ తెర ఎలా తయారవుతుందో తెలిసిన మనిషే ఆ తెరను నమ్ముతున్నాడు.

ఆయన మీగడను వేలితో పక్కకు తీసి సాసర్ అంచుకు రాసి, కాఫీ తాగాడు. "పేరెంట్స్ డే వస్తా ఉండాది కదా. స్టేజి మీద ఒక బిడ్డ ఈ అట్ట ఎత్తి చూపించాల. గోపికను పెట్టినాము. మగ్గాల వీధంతా మనకు రావాలంటే ఆ ఇంటి బిడ్డే నిలబడాల."

"మామా, ఆ బిడ్డకు తీసివేతలే ఇంకా రాలేదు. అందరి ముందర నిలబెడితే..."

"రాకపోతే ఏమి? అట్ట ఎత్తితే చాలు. మిగిలింది ప్రభాకరన్ తంబి చూసుకుంటాడు."

పంకజవల్లికైనా చెబుదామని ఆ సాయంత్రం మగ్గాల వీధికి వెళ్ళింది. పెద్దావిడ గుమ్మంలో కూర్చుని మనవరాలి పావడాకు అంచు కుడుతోంది. పట్టు పావడా, స్టేజి కోసం. కోమలవల్లి చెప్పిందంతా సూది ఆపకుండా విన్నది.

"అంటే ఫోను అబద్ధం చెప్తాదంటావు."

"అవునత్తా."

"ఆ ఫోనుకు పంపించేది మీ బడేనా కాదా?"

"మా బడే."

"మరి మీ బడిది అబద్ధమైతే నీది మాత్రం నిజమని నేనెట్ల అనుకునేది?" ఆవిడ దారం పళ్ళతో తెంపింది. "స్టేజి ఎక్కే బిడ్డను ఎవరూ దించవద్దమ్మా. పో, ఆ రోజు దాని జడకు మల్లెపూలు చెప్పిపెట్టాల నేను."

ఆవిడ అన్నదాంట్లో కోమలవల్లికి తప్పేమీ కనపడలేదు.

మిగిలిన రోజుల్లో గోపికను ఒక పక్కకు లాగి నేర్పుదామని చూసింది. పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం డ్యాన్సు, సాయంత్రం స్టేజి మీద నడిచే ప్రాక్టీసు. అన్నం గంటలో పుల్లల కట్ట తీస్తే గోపిక కూర్చుంది గానీ మనసు పెట్టలేదు.

"నాకు వచ్చేసింది కదా టీచర్?"

"అయితే ఇది చెయ్యి."

గోపిక చాలాసేపు చూసింది. పుల్లల కట్ట చేతిలోకి తీసుకుంది, విప్పలేదు. తర్వాత చిన్న గొంతుతో అడిగింది. "స్టేజి మీద డీ ఉంటాదా టీచర్?"

"ఉంటాది. అయితే దాంట్లో కూడా లెక్క జవాబే ఉంటాది."

"అయితే రాకపోతే ఎట్ల చెప్పేది?"

కోమలవల్లి ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది. అన్నం తినమంది.

పేరెంట్స్ డే నాడు బడి ముందు పందిరి వేశారు. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగి వెనక రిబ్బన్లు కట్టారు. స్టేజి వెనక పెద్ద తెర. ప్రభాకరన్ కొత్త అట్టలు తెచ్చాడు గానీ, పూజ చేసిన అట్ట ఉండగా కొత్తది ఎందుకని పంకజవల్లి ఒప్పుకోలేదు. "పాతదే ఉండనివ్వండి పాట్టీ, ఏదైనా ఒకటే," అని అతను నవ్వేశాడు. ఆ 'ఏదైనా ఒకటే' అన్న మాట కోమలవల్లి చెవిలో ఈగలా తిరిగింది.

గోపిక పట్టు పావడాలో, మల్లెపూల జడతో, అట్టను గుండెకు హత్తుకుని స్టేజి మధ్యకు వచ్చింది. తెర మీద ప్రశ్న పడింది. అరవై మూడులో నుంచి ఇరవై ఎనిమిది తీసేస్తే ఎంత? కింద నాలుగు జవాబులు. మైకులో సంగీతం. ప్రభాకరన్ స్టేజి కింద నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

గోపిక ప్రశ్న వైపు చూసింది. వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకోబోయి మానేసింది. తర్వాత అట్టను తిప్పింది. ఏ వైపుకో కాదు, వెనక్కి. గళ్ళూ గంధమూ తన వైపు పెట్టుకుని, ఏమీ లేని ఉత్త వెనక పక్కను జనానికి చూపిస్తూ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. 'ఇంకా రాలేదు' అనే డీ లేని చోట ఆ పిల్ల సొంతంగా వెతుక్కున్న డీ అది. టీచరమ్మ ఎక్కడుందో అని కళ్ళతో వెతికింది.

తెర మీద గోపిక పేరు పచ్చగా వెలిగింది. పైనుంచి పూలు రాలుతున్నట్టు బొమ్మ. పందిరంతా చప్పట్లు.

గోపిక చేతుల్లోని అట్టను చూసుకుంది, వెనక్కి తిరిగి తెరను చూసింది, మళ్ళీ అట్టను చూసుకుంది. ఏడుపు రాలేదు దానికి. ముఖం మీద ఒక చిన్న చిట్లింపు మాత్రం వచ్చింది, చేదు మింగిన పిల్లలా. కోమలవల్లి ఆ చిట్లింపును గుర్తుపట్టింది. పళ్ళ కొట్టంలో మామిడి ముక్క ఊసిన రోజు తన ముఖం అదే.

ఆమె సిగ్గరి. పదిమంది ముందు మాట్లాడమంటే వెనక్కి జారుకుంటుంది. అయినా కాళ్ళు స్టేజి ఎక్కాయి. గోపిక చేతిలోంచి అట్ట తీసుకుని, పిల్లను మెల్లగా పక్కకు పంపింది. మైకు ముందుకు వెళ్ళి, "కరస్పాండెంట్ సారు కూడా ఒకసారి ఎత్తాలని కోరుకుంటా ఉండాము," అంది. అంతవరకే అనగలిగింది.

వెంకటపతి ఉబ్బిపోతూ లేచి వచ్చాడు. ఆమె అట్టను ఆయన చేతిలో వెనక పక్క ముందుకొచ్చేలా పెట్టింది. ఆయన దాన్ని తలకిందులుగా, పక్కకు, ఎటంటే అటు తిప్పి జనానికి చూపించాడు. ఎటు తిప్పినా ఉత్త అట్టే. ప్రభాకరన్ ఫోను దించబోయాడు, ఆలస్యమైపోయింది. తెర మీద మళ్ళీ గోపిక పేరే పచ్చగా వెలిగింది, మళ్ళీ పూలు రాలాయి.

ముందు వరసల్లో తలలు అట్ట వైపు, తెర వైపు తిరిగాయి. ఇప్పుడు తెలుస్తుంది వీళ్ళకు, అనుకుంది కోమలవల్లి.

"సారు కూడా పాస్!" అని ముందు వరసలో ఎవరో తమిళంలో అరిచారు. పందిరి పగలబడి నవ్వింది. మునుపటి కంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. వెంకటపతి చేతులు జోడించి, అట్టను గాలిలో ఊపుతూ నవ్వాడు. ఫోటోలు తీశారు. అర్థమైనవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారని ఆమెకు తెలుస్తూనే ఉంది, వాళ్ళ కళ్ళు పక్కకు తప్పుకుంటున్నాయి. జనం చేతులు అలా కలుస్తుంటే వచ్చే ఆ చప్పుడు తడిగుడ్డలు బండకేసి బాదినట్టు ఉంది. ఆమె స్టేజి దిగి, ఎవరినీ చూడకుండా వెనక బస్సుల షెడ్డులోకి నడిచింది. డీజిల్ వాసన పీల్చితే గాని ప్రాణం కుదుట పడలేదు.

కాసేపటికి పంకజవల్లి వచ్చింది. మనవరాలిని రెక్క పట్టుకుని తెచ్చింది. జడలోంచి మల్లెపూలు సగం జారిపోయి ఉన్నాయి.

"కోమలా."

"చెప్పత్తా."

"ఆ అట్టకు బొట్టు పెట్టింది నా చెయ్యి. ఏ పక్క పెట్టిందీ నాకు తెలుసు." ఆవిడ మాట ఆగి ఆగి వస్తోంది. "బిడ్డ ఎత్తినప్పుడు బొట్టు కనపడలేదు. ఆయన ఎత్తినప్పుడూ కనపడలేదు. రెండుసార్లూ పచ్చే వచ్చె."

కోమలవల్లి గోపిక జడలోంచి జారుతున్న పూలను సరిచేసింది.

"దీన్ని అడిగితే నాకు రాలేదని చెప్పినాను అవ్వా, ఎవరూ వినలేదు అంటాది." పెద్దావిడ నడుముకు దోపుకున్న ఫోను తీసి, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇన్ని దినాలు దీన్ని వీధంతా చూపించినాను నేను. ఇంటింటికీ పొయ్యి చూపించినాను. తూ."

ఫోనును మళ్ళీ నడుముకే దోపుకుంది. మగ్గం దగ్గర్నుంచి కొడుకు మాట్లాడేది దాంట్లోనే కదా.

"సాయంత్రం పంపిస్తాను," అంది. "ఎప్పటి మాదిరి."

మర్నాడు వెంకటపతి పిలిపించాడు. తిట్టలేదు. స్టేజి మీద బాగా చేసినావు కోమలా, అందరూ సరదా పడ్డారు అన్నాడు. ఇక మీద నాలుగో తరగతి అట్టలు ఫోనుతో తీసే పని మాత్రం ప్రభాకరన్ చేసుకుంటాడని, ఆమె ఫోనులోంచి ఆ యాప్ తీసేయమని చెప్పాడు. చివరి పీరియడ్ సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ గదిలో ఇంకో మాట మాట్లాడాలంటేనే ఆమెకు అసహ్యం వేసింది. తిరిగి వస్తూ హాలు దాటేటప్పుడు తల వంచుకుని నడిచింది. అయినా పచ్చ వెలుగు గచ్చు మీద పడి మెరుస్తూనే ఉంది.

సాయంత్రం గోపిక అరుగు మీద కూర్చుంది. పలక ఒళ్ళో పెట్టుకుని, నాలుక బయటికి పెట్టి, చాలాసేపు రాసింది. నందకుమార్ బండి తాళం తీస్తూ అటు చూసి, "ఏమ్మా, పచ్చా ఎరుపా?" అన్నాడు.

"పలక మీద రంగు రాదు మామా," అంది గోపిక తల ఎత్తకుండా.

"పలక ఎత్తు," అంది కోమలవల్లి.

గోపిక ఎత్తింది. అరవై మూడులో ఇరవై ఎనిమిది పోతే నలభై ఐదు అని రాసింది. మూడులో ఎనిమిది పోదు కాబట్టి తిరగేసింది. వినాయకచవితి నాడు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. ఇన్ని వారాలు ఉత్తినే పోయాయి.

కోమలవల్లి ఆ నలభై ఐదును చూస్తూ ఉంది. వంకర అంకెలు, ఐదుకు తోక కింది గీత దాటిపోయింది. ఆ తప్పు ఆ పిల్ల సొంతం. చీపురు పుల్లల కట్ట తీసి ఆ పిల్ల ముందు పెట్టి, తనూ అరుగు మీద చతికిలబడింది.

"చెప్పు కణ్ణూ," అంది. "నలభై ఐదు ఎట్ల వచ్చె?"

"మొదట మూడు ఉండాది కదా టీచర్," అని మొదలుపెట్టింది గోపిక.